డై క్రాక్ నాణేనికి వందలు పోయడం సబబేనా?

గాజువాక కుర్రాడు:
పూర్ణా మార్కెట్ దగ్గర ఒకాయన 2 రూపాయల స్టీల్ బిళ్ళకి 800 అడుగుతున్నాడు. సంవత్సరం కింద నక్షత్రం ఉంది, అంటే హైదరాబాద్ మింట్‌ (నాణేలు ముద్రించే టంకశాల)దే. అంకె మీదుగా అంచు దాకా సన్నటి గీత. "డై క్రాక్ ఎర్రర్, మళ్ళీ దొరకదు" అంటున్నాడు. తీసుకోమంటారా?

పాతబిళ్ళ:
వద్దు బాబూ. ముందు గోటితో తడిమి చూడు. డై అంటే బిళ్ళ మీద బొమ్మ ముద్రించే అచ్చుదిమ్మ. అది పగిలితే, అచ్చు కొట్టేటప్పుడు లోహం ఆ పగులులోకి దూరుతుంది. కాబట్టి బిళ్ళ మీద గీత పైకి ఉబ్బి ఉండాలి. లోపలికి దిగితే అది ఎవరో గీరింది. ఉబ్బి ఉన్నా సరే, నేను దాన్ని ఎర్రర్ (మింట్‌లోనే తప్పుగా పడ్డ బిళ్ళ) అనను. డై అన్నాక అరుగుతుంది, పగులుతుంది. దాన్ని మార్చేదాకా కొట్టిన ప్రతి బిళ్ళ మీదా అదే గీత పడుతుంది. ఇంక దొరకకపోవడమేమిటి?

సీతమ్మధార శ్రీను:
పాతబిళ్ళ గారూ, అందుకే కదండీ దాన్ని వెతికేది! ఒకే డైతో కొట్టిన బిళ్ళలు పోగేస్తే పగులు ఎలా పెరిగిందో వరసగా కనబడుతుంది. మొదట వెంట్రుకంత గీత, తర్వాత అంచు దాకా, ఆఖరికి డై ముక్కే ఊడిపోతుంది. అప్పుడు బొమ్మ ఉండాల్సిన చోట అంచున ఉత్త ముద్ద మిగులుతుంది. కడ్ అంటారు. అదీ ఎర్రర్ కాదంటారా?

పాతబిళ్ళ:
కడ్‌కి ఒప్పుకుంటాను, దానికి డబ్బు పెట్టొచ్చు. అక్కడా మోసం ఉంది. అసలైన కడ్‌కి సరిగ్గా వెనక, అవతలి వైపు అచ్చు కూడా వెలిసినట్టు ఉంటుంది. ఎదురు ఒత్తిడి లేక లోహం ఖాళీలోకి పోతుంది కదా. ముద్ద ఉండి, వెనకవైపు అచ్చు నిక్కచ్చిగా పడితే ఎవరో అతికించారని అనుమానించాలి. నా గొడవల్లా వెంట్రుక గీతకి కడ్ రేటు చెప్పేవాళ్ళతోనే.

బీచ్ రోడ్డు వాసి:
ఉప్పుగాలికి తుప్పు మచ్చ పడ్డ బిళ్ళని కూడా ఎర్రర్ అని నాకు అమ్మజూపారు. మింట్ దాటాక జరిగిన దానికి డై ఏం చేస్తుంది?

సీతమ్మధార శ్రీను:
నిజమే. నాకు మాత్రం డై క్రాక్ ఎర్రరే, చిన్న ఎర్రర్. వరస కోసం ఒక్కోదానికి 20, 30 ఇస్తాను. 800 మాత్రం ఇవ్వను.

గాజువాక కుర్రాడు:
ఇప్పుడే తడిమి చూశానండీ, గీత ఉబ్బెత్తుగానే ఉంది. 50కి బేరమాడనా?

పాతబిళ్ళ:
2 రూపాయలకి ఇస్తే తీసుకో.