గుడిబండకు విమానాశ్రయం కావాలా? కొంకణ తీరంలోని చిపి అనుభవం మీద చర్చ

జడ్చర్ల వాసి:
తెలంగాణలో ఆరు చోట్ల విమానాశ్రయాల కోసం పరిశీలన జరిగింది. మామునూరు, బసంత్‌నగర్, ఆదిలాబాద్‌లలో పాత రన్‌వేలు ఉన్నాయి. జక్రాన్‌పల్లి, పాల్వంచ, మన పాలమూరు జిల్లాలోని గుడిబండ పూర్తిగా కొత్త స్థలాలు. 2025 ఫిబ్రవరిలో మామునూరుకు కేంద్రం అనుమతి ఇచ్చినప్పటి నుంచి, వరంగల్‌కు వచ్చింది పాలమూరుకు ఎందుకు రాకూడదని మా దగ్గర అందరూ అడుగుతున్నారు. వలసల జిల్లా అని తరతరాలుగా పిలిపించుకున్న మనకు పరిశ్రమలు రావాలన్నా, చదువుకున్న పిల్లలు ఇక్కడే నిలవాలన్నా ఇటువంటి సౌకర్యం అవసరమని నా గట్టి నమ్మకం. కాదనేవారు కారణం చెప్పాలని కోరుతున్నాను.

కొల్లాపూర్ ముంపు కుటుంబం:
నేను కాదనేవాడినే. కారణం చెప్పడానికి ముందు సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న విమానాశ్రయం సంగతి చెప్పాలి.

మహారాష్ట్ర దక్షిణ కొసన, గోవాకు ఆనుకుని సింధుదుర్గ్ జిల్లా ఉంది. చేపల వేట, మామిడి, జీడితోటలు, మాల్వణ్ తీరానికి వచ్చే యాత్రికులు, ఇవే అక్కడివారి బతుకుతెరువు. ముంబై దాదాపు 500 కిలోమీటర్లు. రైలైతే రాత్రంతా ప్రయాణం. అటువంటి చోట విమానం అవసరం లేదని ఎవరూ అనలేరు. వెంగుర్లా తాలూకాలోని చిపి గ్రామం దగ్గర 2,500 మీటర్ల రన్‌వే వేసి 2021 అక్టోబరు 9న విమానాశ్రయాన్ని ప్రారంభించారు. చిన్న ఊళ్లకు తక్కువ ధరలో విమానాలు నడపడానికి కేంద్రం పెట్టిన ఉడాన్ పథకం కింద అలయన్స్ ఎయిర్ ముంబైకి విమానం నడిపింది. ఆ పథకంలో సగం సీట్లను తక్కువ ధరకు అమ్మినందుకు కలిగే లోటును మూడేళ్లపాటు ప్రభుత్వం భరిస్తుంది. మూడేళ్లు నిండాయి, 2024 అక్టోబరులో ఆ ముంబై విమానం ఆగింది. ఈలోగా 2023 జనవరి నుంచి పక్కనే గోవాలోని మోపాలో పెద్ద విమానాశ్రయం పనిచేయసాగింది. సర్వీసులు ఎక్కువగా ఉన్న చోటికే ప్రయాణికుడు వెళ్తాడు, అందులో తప్పేమీ లేదు.

మా తమ్ముడు ఆ ప్రాంతంలో రోడ్డు పనుల మేస్త్రిగా రెండేళ్లు ఉన్నాడు. ఇంటికి వచ్చిన ప్రతిసారీ కుడాళ్‌లో రైలెక్కే వచ్చాడు. తన కింద పనిచేసిన మన జిల్లా కూలీలలో ఒక్కరు కూడా ఆ విమానాశ్రయం లోపల అడుగు పెట్టలేదని చెప్పాడు.

మన దగ్గర మోపా వంటిది కొత్తగా రానవసరం లేదు, ముందే ఉంది. శంషాబాద్ హైదరాబాద్‌కు దక్షిణాన, మన 44వ నంబరు జాతీయ రహదారి మీదే ఉంది. జడ్చర్ల నుంచి గంటకు కొంచెం అటూ ఇటూ పడుతుంది. దానికి ఉత్తరాన ఉన్న జిల్లాలవారికంటే మనమే దానికి దగ్గర. అది మొదలైన 2008 నుంచి 25 ఏళ్లవరకు 150 కిలోమీటర్ల లోపు మరొక విమానాశ్రయం రాకూడదని ఒప్పందంలో ఉంది. మామునూరుకు శంషాబాద్‌ను నడిపే జీఎంఆర్ సంస్థ ఒప్పుకున్న తరువాతే దారి దొరికింది. గుడిబండకూ ఒప్పుకుంటుందని అనుకుందాం. అప్పుడైనా అక్కడి నుంచి ఏ ఊరికి విమానం ఎగరాలి? హైదరాబాద్‌కు ఎగరడంలో అర్థం లేదు. బెంగళూరుకు అంటారేమో, 2023 సెప్టెంబరు నుంచి మహబూబ్‌నగర్ మీదుగా వందే భారత్ నడుస్తోంది.

మా తాతగారి పొలం శ్రీశైలం ముంపులో పోయింది. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలు ఇవ్వాలన్న 98 జీవో కింద తనకూ వస్తుందని మా నాన్నగారు ఎదురుచూస్తూనే వయసు దాటిపోయారు. అందుకే భూమి అనే మాట వినగానే ముందు నాకు గుడిబండ చుట్టుపక్కల పత్తి, వేరుశనగ వేసుకునే రైతులే గుర్తుకు వస్తారు. ప్రాజెక్టులో పోయిన పొలం కనీసం ఎవరికో నీళ్లిచ్చింది. విమానం రాని రన్‌వే కింద పోయిన పొలం ఎవరికి ఏమిస్తుంది?

గద్వాల ఉపాధ్యాయిని:
మాకు కర్నూలు దగ్గరి ఓర్వకల్లు అందుబాటులో ఉంది. 2021 మార్చిలో అది మొదలైనప్పుడు బెంగళూరు, చెన్నై, విశాఖపట్నాలకు సర్వీసులు వేశారు. మా చెల్లెలు విశాఖలో ఉంటుంది. రాత్రంతా రైల్లో కూర్చునే ప్రయాణం ఒక పూటలో ముగిసిన రోజు నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు. కానీ విమానం రోజూ ఉండదు. మన సెలవులను దాని రోజులకు సర్దుకోవాలి. ఒక వైపు శంషాబాద్, మరొక వైపు ఓర్వకల్లు ఉండగా నడుమ గుడిబండలో మూడవది నిలుస్తుందా అనేది నా సందేహం.

జడ్చర్ల వాసి:
కొల్లాపూర్ అన్నగారి బాధ నాకు అర్థమైంది, ఆ మాటను తేలికగా తీసుకోను. అయితే ఒక్క చిపిని చూపి అన్నిటినీ తేల్చకూడదు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ మొదలైన రోజే కడప–హైదరాబాద్ మధ్య ట్రూజెట్ విమానం ఎగిరింది. 2022లో ఆ సంస్థ ఆగిపోయినా అదే ఏడాది ఇండిగో కడపకు వచ్చింది. రన్‌వే ఉన్నందుకే మరొకరు రాగలిగారు. చిపికి కూడా గోవా కేంద్రంగా ఉన్న ఫ్లై91 సంస్థ హైదరాబాద్ నుంచి ఏటీఆర్ అనే చిన్న విమానం నడిపింది.

కొల్లాపూర్ ముంపు కుటుంబం:
కడప విషయంలో మీరు చెప్పింది నిజం, ఒప్పుకుంటున్నాను. కానీ కడపకు గంట దూరంలో శంషాబాద్ లేదు. అక్కడివారికి హైదరాబాద్ చేరడమే ఒక గమ్యం, మనకది ఇంటి గుమ్మం. దేశం మొత్తం మీద చూసినా, ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఉడాన్ మూడవ విడత వరకు కేటాయించిన 774 మార్గాలలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు పూర్తి చేసుకున్నవి 112. ఆ తరువాత కూడా నిలిచినవి 54. కేటాయించిన ప్రతి వంద మార్గాలలో ఏడు అన్నమాట. భూమి, పోలీసు భద్రత, అగ్నిమాపక సేవలు ఉచితంగా ఇవ్వవలసింది, లోటులో అయిదవ వంతు భరించవలసింది రాష్ట్రమే కాబట్టి ఆ డబ్బు మన కాలువల నుంచి, మన బడుల నుంచి వెళ్తుంది.

నేను అడిగేది ఒక్కటే. ఒక్క ఎకరం తీసుకోవడానికి ముందు, ఏ సంస్థ ఏ ఊరికి వారానికి ఎన్నిసార్లు నడుపుతుందో, రాయితీ ఆగిన నాలుగవ ఏట ఏం చేస్తుందో రాతపూర్వకంగా గ్రామసభ ముందు పెట్టాలి. పెడితే నేనే వచ్చి మీ పక్కన నిలబడతాను. గుడిబండ వైపు పొలాలున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, కొలతల కోసం మీ దగ్గరికి ఎవరు వచ్చారో, ఏ సర్వే నంబర్లు అడిగారో దయచేసి ఇక్కడ రాయండి.