డొనేషన్ పేజీ ముందా, డిజైన్ సిస్టమ్ ముందా?

కొత్త_కాన్వాస్
మా స్వచ్ఛంద సంస్థ వెబ్‌సైట్‌ని మళ్లీ కట్టాలి. ఒక్కో క్యాంపెయిన్‌కి ఒక్కో పేజీ అతికించుకుంటూ పోయాం. ఇప్పుడు ఏ రెండు పేజీల్లో ఆకుపచ్చ ఒకేలా లేదు, విరాళం ఫారాలే మూడు రకాలున్నాయి. ఏజెన్సీ వాళ్లేమో ముందు డిజైన్ సిస్టమ్ (సైటంతా వాడే రంగులు, అక్షరాలు, బటన్ల ఉమ్మడి సెట్) పూర్తిచేద్దాం, అవన్నీ తేలాకే పేజీలు అంటున్నారు. మా నిధుల సేకరణ టీమ్‌కి మాత్రం డొనేషన్ పేజీ వెంటనే కావాలి, అందులో ‘ప్రతి నెలా’ ముందే టిక్ అయి ఉండాలి. డబ్బు ఒక్కదానికే ఉంది. నా మొగ్గు ఏజెన్సీ వైపే. మీరేమంటారు?

ఫారం_పిచ్చి
డొనేషన్ పేజీయే ముందు, రెండో మాట లేదు. ఒక సైట్‌లో కష్టమైనవన్నీ ఆ ఒక్క పేజీలోనే ఉంటాయి. మొత్తం ఎంచుకునే బటన్లు, ‘వేరే మొత్తం’ పెట్టె, తప్పు పడితే చెప్పే సందేశం, డబ్బు వెళ్తున్నంతసేపు తిరిగే గుర్తు, చివరి రసీదు. ఇవి కుదిరితే ‘మా గురించి’ పేజీ ఎంతసేపు?

ఆ ‘వేరే మొత్తం’ పెట్టెనే చూడండి. దాత ముందు ఒక బటన్ నొక్కి, తర్వాత మనసు మార్చుకుని పెట్టెలో ఇంకో అంకె కొడతాడు. పాత బటన్ రంగు అలాగే వెలుగుతూ ఉంటే ఏ మొత్తం పోతుందో అతనికెలా తెలుస్తుంది? అంకె మధ్యలో కామా పెడితే ఎర్రక్షరాలతో కసురుతుందా, తనే తీసేసుకుంటుందా? ఫోన్‌లో అంకెల కీబోర్డ్ వస్తుందా, అక్షరాలదా? కాయితం మీద గీసిన సిస్టమ్‌లో ఈ ప్రశ్నలే రావు. బొమ్మ, శీర్షిక పెట్టే అందమైన డబ్బాల డిజైన్లు బోలెడు ఉంటాయి, ఎర్రర్ సందేశం ఒక్కటీ ఉండదు.

బ్రిటన్ ప్రభుత్వ డిజైన్ సిస్టమ్‌ని అందరూ ఆదర్శంగా చూపిస్తారు. 2018లో అది బయటికి వచ్చేనాటికే అక్కడి సేవల్లో ఏళ్లుగా వాడిన నమూనాలున్నాయి, వాటిని ఒకచోటికి చేర్చి మెరుగుపెట్టారు. ముందు వాడకం, తర్వాత సిస్టమ్.

టోకెన్_వాది
ఫారం గారూ, మీరన్న ఆ ‘తర్వాత’ ఎప్పుడూ రాదండీ. పేజీ బయటికి వెళ్లగానే ఏడాది చివరి అప్పీల్, దాని వెనకే ఏదో విపత్తు. అర్ధరాత్రి ఎవరో పాత పేజీ కాపీ చేసి రంగు మార్చి పెట్టేస్తారు. ఈయన సైట్ ఇలా తయారైంది అలాగే కదా.

ఇంకోటి. స్వచ్ఛంద సంస్థలకు నారింజ రంగంటే ఎందుకో మహా ఇష్టం. మెరిసే నారింజ బటన్ మీద తెల్లక్షరాలు పెడతారు. మామూలు సైజు అక్షరం చదవగలగాలంటే దానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ (వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలనే మార్గదర్శకాలు) ప్రమాణం. ఆ జోడీ చాలాసార్లు అందులో సగం దగ్గరే ఆగిపోతుంది. ఒక్కో పేజీలో దిద్దుకుంటూ ఎవరు తిరుగుతారు? రంగు ఒకేచోట రాసి ఉంటే ఒక్క మార్పుతో సైటంతా సరవుతుంది.

నిధుల_మనిషి
డిజైన్ చూసి మురిసిపోదామని ఏ దాతా మా పేజీకి రాడు. మెయిల్‌లో ఒక పిల్లవాడి కథ చదివి, మనసు కదిలి, ఫోన్‌లో లింక్ నొక్కుతాడు. ఆ వేడి చల్లారేలోపు పని అయిపోవాలి. పుట్టినరోజు, చిరునామా రెండో లైను, ‘మా గురించి ఎలా తెలిసింది’... ఒక్కో పెట్టె దగ్గరా కొందరు జారిపోతారు. పైన మెనూ కూడా తీసేయమంటే సిస్టమ్ వాళ్లు ‘అన్ని పేజీలకూ ఒకే హెడర్’ అని అడ్డం పడతారు. మినహాయింపు ఎవరిని అడగాలో రాసిపెట్టని సిస్టమ్ నాకొద్దు.

నెలవారీ టిక్ మాత్రం ఉంచాల్సిందే. జీతాలు, నడుస్తున్న పనులు అన్నీ ఆ డబ్బు మీదే. వద్దనుకున్నవాళ్లు తీసేసుకోవచ్చు కదా?

లెక్కల_వైపు
తీసేసుకోవచ్చు, ముందు కనిపిస్తే. కనిపించనివాళ్లు రెండో నెల స్టేట్‌మెంట్ చూసుకుని బ్యాంకుకి ఫోన్ చేస్తారు. రీఫండ్, ఛార్జ్‌బ్యాక్ (బ్యాంకు డబ్బు వెనక్కి లాక్కోవడం) ఫీజు, పైగా జన్మలో మనకి ఇంకో రూపాయి ఇవ్వరు. ఇది నా చాదస్తం కాదు. అమెరికాలో రాజకీయ విరాళాల ఫారాల మీద ఇదే గొడవ అయ్యాక, ముందే టిక్ పెట్టిన నెలవారీ పెట్టెల్ని నిషేధించమని 2021లో అక్కడి ఫెడరల్ ఎన్నికల కమిషన్ ఏకగ్రీవంగా కాంగ్రెస్‌కి సిఫారసు చేసింది. పార్టీలకే కుదరదంటే, నమ్మకం మీద బతికే మనకెలా కుదురుతుంది?

‘ఒక్కసారి’, ‘ప్రతి నెలా’ పక్కపక్కనే ఒకే సైజులో పెట్టండి, దేనికీ టిక్ వద్దు. నెలవారీ ఎంచుకుంటే చివరి బటన్ మీదే ‘ప్రతి నెలా ఇంత ఇస్తాను’ అని రావాలి. ఆపేయడం ఎలాగో రసీదులోనే ఉండాలి.

తాళం_చెవి
దొంగల సంగతి ఎవరూ ఎత్తలేదేం? కొట్టేసిన కార్డు నంబర్లు పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి వాళ్లకి డొనేషన్ ఫారం బాగా కలిసొస్తుంది. వస్తువు డెలివరీ ఉండదు, ఎంత చిన్న మొత్తమైనా తీసుకుంటుంది. రాత్రికి రాత్రి బాట్‌తో, అంటే తనంతట తానే ఫారం నింపే ప్రోగ్రామ్‌తో, వందల కార్డులు గీకేస్తారు, ఫీజులు, టెన్షన్ మీకు. పెట్టెలు తగ్గించి ఫారం సులువు చేస్తే దాతతోపాటు దొంగకీ సులువే. కనీస మొత్తం పెట్టండి, ఒకేచోటి నుంచి వచ్చే ప్రయత్నాలకు హద్దు పెట్టండి, కనిపించని బాట్ పరీక్ష ఒకటి ఉంచండి.

మార్కెటింగ్ వాళ్లు ఆ పేజీలో ట్రాకింగ్ స్క్రిప్టులు (వచ్చినవాళ్లు ఏం చేస్తున్నారో గమనించే చిన్న కోడ్ ముక్కలు) కుక్కడం కూడా ఆగాలి. కార్డు చెల్లింపుల ప్రమాణం పీసీఐ డీఎస్ఎస్ 4లో, చెల్లింపు పేజీ మీద నడిచే ప్రతి స్క్రిప్టుకీ లెక్కా అనుమతీ ఉండాలన్న నిబంధన 2025 మార్చి 31 నుంచి తప్పనిసరైంది. కార్డు వివరాలు గేట్‌వే (చెల్లింపు నడిపే కంపెనీ) వాళ్ల పేజీలోనే తీసుకుంటే మీ భారం చాలా తగ్గుతుంది.

ఒత్తు_దీర్ఘం
తెలుగులో కూడా పెడుతున్నారా? అయితే బటన్ ఎత్తు గట్టిగా బిగించేయకండి. ఇంగ్లిష్ కొలతలతో చేసిన బటన్‌లో ఒత్తులు కింద తెగిపోతాయి, గుడులు పైన తగులుతాయి. ‘లక్ష్మి’ అని పేరు కొడితే ‘చెల్లని పేరు’ అని తిప్పికొట్టే ఫారాలు ఇప్పటికీ ఉన్నాయి, లోపల ఏ నుంచి జెడ్ దాకా మాత్రమే ఒప్పుకునే కోడ్ ఉంటుంది. డబ్బివ్వడానికి వచ్చిన మనిషికి నీ పేరే తప్పు అని చెప్పడం ఎంత దరిద్రంగా ఉంటుంది!

కొత్త_కాన్వాస్
ఫారం గారి మాట మీద మనసు మార్చుకున్నా. డొనేషన్ పేజీయే ముందు. కానీ రంగులు, అక్షరాల సైజులు, ఖాళీల కొలతలు మొదటి రోజే ఒక చిన్న జాబితాగా రాసుకుంటాం, పేజీ పూర్తయ్యేకొద్దీ అందులోని భాగాలే సిస్టమ్‌లోకి వెళ్తాయి. మినహాయింపులు ఒకే మనిషి చూస్తారు, ఆ పేరు అందరికీ తెలిసేలా రాసి ఉంటుంది. ఏజెన్సీ ఒప్పందం కూడా ఆ ప్రకారం మార్చమంటాను. ఇక టిక్ సంగతే తేలాలి.

నిధుల_మనిషి
నేనింకా ఒప్పుకోలేదు. రెండు రకాలూ పెట్టి పరీక్షించండి, చూద్దాం.

లెక్కల_వైపు
తెలియకుండా డబ్బు పోయేది నిజం దాతలకే, పరీక్ష అన్నా సరే. దానికి బదులు టిక్ లేకుండా రెండు అమరికలు పోల్చండి. మొదటి నెల మొత్తం చూసి సంబరపడకండి. ఆరో నెలలో ఎంతమంది మిగిలారు, ఎన్ని రీఫండ్లు వెళ్లాయి, అది చూపించండి.

టోకెన్_వాది
సరే, ఓడిపోయాను అనను గానీ ఆ చిన్న జాబితా చాలు. ఒక్కటి మాత్రం పాటించండి. జాబితాలో రంగుకి ‘నారింజ’ అని కాకుండా ‘ప్రధాన బటన్’ అని పేరు పెట్టండి. కొత్త డైరెక్టర్ వచ్చి నీలం కావాలన్న రోజున ‘నారింజ’ అనే పేరుతో నీలం రంగు నడుస్తూ ఉంటుంది, చూశాను నేను.