పాడుపడినవా, పాడుచేసినవా? షేక్‌స్పియర్ 73వ సానెట్‌లో ఒక పాదం

ప్రశ్న: 1609లో అచ్చయిన ఈ సానెట్‌ను తెలుగు చేస్తున్నాను. వయసు మళ్ళిన మనిషి తనను ఆకు రాలిన కొమ్మలతో పోల్చుకుంటాడు. వెంటనే ఆ కొమ్మలను 'రూయిన్డ్ క్వైర్లు' అంటాడు, మొన్నమొన్నటిదాకా పిట్టలు పాడిన చోట్లట. క్వైర్ అంటే మఠాల చర్చిలో సన్యాసులు కూర్చుని పాడే భాగం. 'పిట్టలు పాడి పాడుపడిన గానమండపాలు' అని రాసి, శ్లేష కుదిరిందని మురిసిపోయాను. 'పాడుపడిన' సరైనదేనా?

జవాబు: ముందు ఒకటి, పిట్టలు పాడబట్టే పాడుపడ్డాయని వినిపిస్తోందండీ! అసలు చిక్కు 'పడిన' దగ్గరుంది. పాడుపడిన గుడి అంటే దీపం పెట్టే దిక్కులేక, గోడల్లో రావిమొక్కలు మొలిచి, దానంతటది శిథిలమైన గుడి. షేక్‌స్పియర్ కాలానికి ఇంగ్లండులో మొండిగోడలతో నిలిచిన మఠాలు అలాంటివి కావు. రాజు ఎనిమిదో హెన్రీ, అతని మంత్రి థామస్ క్రామ్‌వెల్ పనిగట్టుకుని మూయించినవి. 1536 చట్టం ఏడాదికి 200 పౌండ్లలోపు రాబడి ఉన్న చిన్న మఠాల మీద పడింది. పెద్దవాటి వంతూ వచ్చి, 1540 మార్చిలో వాల్తమ్ మఠంతో పని ముగిసింది. మొత్తం దాదాపు 800. భూములు ఖజానాకు, అక్కణ్ణుంచి కొనుక్కోగలిగిన పెద్దలకు పోయాయి.

యార్క్‌షైర్‌లోని రోచ్ మఠాన్ని 1538లో ఎలా విప్పేశారో మైకేల్ షెర్‌బ్రూక్ అనే పాదిరి రాసిపెట్టాడు. సన్యాసులు కూర్చుని పాడే క్వైర్ బల్లలనే తగలబెట్టి, ఆ మంటతో కప్పు మీది సీసం కరిగించారట. కలప కొన్నవాళ్ళలో ఆయన తండ్రీ ఉన్నాడు. సన్యాసుల మీద మంచి అభిప్రాయమే ఉన్నప్పుడు ఎందుకు కొన్నావని కొడుకు అడిగితే, ఎలాగూ అంతా పోతోంది, నలుగురితోపాటు నేనూ అన్నాడు. దీన్ని 'పాడుపడడం' అనడానికి నాకు నోరు రాదు. 'పాడుచేసిన' అనండి.

ప్రశ్న అడిగినవారు: కానీ పద్యం ముసలితనం గురించి కదండీ. అది ఒకరు చేసేది కాదు, మీదపడేది. 'పాడుచేసిన' అంటే ఎవరు చేశారని పాఠకుడు వెతుక్కుంటాడు. ఇంగ్లీషు 'రూయిన్డ్'కి ఈ బాధ లేదు. కాలం చేసినా రాజు చేసినా అదే మాట.

మరో జవాబు: అయితే క్రియే వద్దు, 'మొండి' వాడండి. మొండికొమ్మ, మొండిగోడ రెండూ మనకున్నవే. ఎవరు నరికారో చెప్పదు, నరకలేదనీ అనదు. శ్లేష పోతుంది, పోనివ్వండి. నా అభ్యంతరమల్లా 'మండపం' మీద. మండపమంటే మనకు రాతి స్తంభాలు కళ్ళకు కడతాయి. క్వైర్ బల్లలు చెక్కవి, వరసగా కూర్చునేవి. కొమ్మలకూ వాటికీ ఉన్న ఆ పోలికను ఇంగ్లీషు విమర్శకుడు విలియం ఎంప్సన్ 1930లోనే ఎత్తి చూపాడు. రాయి తెస్తే ఆ లంకె తెగిపోతుంది. 'పాటకొలువు' ఎలా ఉంది?

ప్రశ్న అడిగినవారు: 'మొండి' తీసుకుంటున్నాను. 'పాటకొలువు' చెవికి బాగుంది గానీ అందులోనూ చెక్క కనబడడం లేదు. పల్లె భజనమందిరాల్లో బల్లల వరసకు ఏదైనా మాట ఉంటే చెప్పండి.