మైకు ఆటో గోండీలో మాట్లాడాలంటే అర్జీ ఎక్కడ ఇవ్వాలి?

గూడ_మొబైల్స్ అడిగిన ప్రశ్న:

అందరికీ రామ్ రామ్. మాది ఉమ్మడి ఆదిలాబాద్‌లో ఒక ఏజెన్సీ మండలం. బస్టాండ్ దగ్గర చిన్న మొబైల్ రిపేరు షాపు నడుపుతాను.

ఆగస్టులో మా గూడకు మైకు ఆటో వచ్చింది. రేపు జ్వరాల క్యాంపు ఉంది, రక్త పరీక్ష చేయించుకోండి, దోమతెరలు కట్టుకోండి అని చక్కటి తెలుగులో చెప్పుకుంటూ రెండు చుట్లు తిరిగి వెళ్లిపోయింది. మా అవ్వ చిల్లు పడ్డ గిన్నె పట్టుకుని ఉరుకులు పరుగుల మీద బయటికి వచ్చింది. పాత సామానుకు ఉల్లిగడ్డలు ఇచ్చే బండి అనుకుందట! నవ్వొచ్చింది గానీ, మర్నాడు క్యాంపుకు వెళ్తే టెంటు కింద డాక్టరమ్మ, ఏఎన్‌ఎం, తెలుగు చదివిన మా నలుగురం. అంతే.

ఆటో బ్యానరు మీద సమాచార పౌర సంబంధాల శాఖ అని ఉంది కదా అని ఆ ఆఫీసుకే వెళ్లాను. ఈ ప్రకటనలు మా ఇళ్లలో మాట్లాడే గోండీలో కూడా వేయండి, గొంతు నేనిస్తాను, పైసలు వద్దు అని అర్జీ రాసిచ్చాను. అక్కడి సార్ మర్యాదగానే మాట్లాడారు. "ఇలాంటివి సోమవారం ప్రజావాణిలో ఇవ్వాలి తమ్ముడూ" అన్నారు. సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లి క్యూలో నిలబడి ఇచ్చాను, రసీదు కూడా ఇచ్చారు. మూడు వారాలకు ఆరా తీస్తే, ఆ కాగితం మీద "తగు చర్య నిమిత్తం" అని రాసి మళ్లీ అదే సార్ టేబుల్ మీదికి పంపారట. ఇప్పుడు నేనెక్కడికి పోవాలి?

రిటైర్డ్_ఏపీఆర్వో:

తమ్ముడూ, ఆ టేబుల్ వెనక చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ణి నేను. తప్పు నీది కాదు, పూర్తిగా ఆయనదీ కాదు.

నువ్వు వెళ్లిన డీపీఆర్వో (జిల్లా పౌర సంబంధాల అధికారి) ఆఫీసు పని ఏమిటంటే కలెక్టరు, మంత్రుల కార్యక్రమాలకు పత్రికా ప్రకటన, ఫొటోలు, వీడియో పంపడం, విలేకరుల అక్రిడిటేషన్ కార్డులు చూడడం, కళాజాత బృందాలను ఊళ్లకు పంపడం. ఒక శాఖ ఫలానా విషయం చాటించమంటే చాటిస్తుంది. ఏం చెప్పాలో మాత్రం ఆ శాఖే నిర్ణయిస్తుంది, చాలాసార్లు ఖర్చు కూడా వాళ్లదే. జ్వరాల సంగతి వైద్య ఆరోగ్య శాఖది. డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసులో ప్రచారం చూడడానికే ఒక అధికారి ఉంటారు, డెమో అంటారు. డెమో అంటే చూపించడం కాదు, డిస్ట్రిక్ట్ ఎక్స్‌టెన్షన్ అండ్ మీడియా ఆఫీసర్! నీ కాగితం వెళ్లాల్సింది ఆ గదికి.

ఇంకో మాట. నువ్వు రాసింది ఫిర్యాదు కాదు, ప్రతిపాదన. ప్రజావాణిలో పింఛను రాలేదు, పట్టా కాలేదు అనేవి త్వరగా కదులుతాయి, ఎందుకంటే అవి ఏ తహసీల్దారుకు పంపాలో గుమస్తాకు తెలుసు. "గోండీలో వేయండి" అనే కాగితం చూస్తే ఎవరికి రాయాలో తెలియక చేతులు మారుస్తారు. కాబట్టి "వేయండి" అని రాయకు. "ఈ ఒక్క నిమిషం ఆడియోను వాడుకోవడానికి అనుమతి ఇవ్వండి" అని రాయి. పెన్‌డ్రైవ్ జత చెయ్యి. తెలుగు పాఠం రాసి, మీ పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు చేత సరిచూసినట్టు సంతకం పెట్టించు. నకళ్లు డీపీఆర్వోకూ, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ పీవో గారికీ. సంతకం పెట్టడం తప్ప వాళ్లకు పనేమీ మిగలకూడదు.

మండల_విలేకరి:

పెద్దాయన చెప్పింది నిజం. నేనైతే గ్రామసభ తీర్మానం కూడా జత చేస్తాను. మనది షెడ్యూల్డ్ ఏరియా, ఇలాంటి చోట్ల పంచాయతీల కోసం వచ్చిన 1996 పెసా చట్టం గ్రామసభకు విలువిచ్చింది. ఒక్కడి సంతకం వేరు, ఊరి తీర్మానం వేరు.

మరీ నానిస్తే ఆర్టీఐ వేయి. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. మైకు ప్రచారానికి ఎంత ఖర్చయింది, ఏ భాషల్లో చేశారు అని అడుగు.

రిటైర్డ్_ఏపీఆర్వో:

విలేకరి గారూ, ఆర్టీఐ ఇప్పుడే వద్దు. సాయం చేద్దామనుకున్న గుమస్తా కూడా ఫైలు ముడుచుకుంటాడు. అది ఆఖరున.

కోలాం_టీచర్:

అందరూ గోండీ గోండీ అంటున్నారు. మాది కోలాం గూడెం. మా మాట కోలామీ. మా పెద్దవాళ్లలో చాలామందికి గోండీ వచ్చు, కానీ వచ్చు కదా అని అందులోనే సరిపెడితే మీకు తెలుగుతో జరిగిందే మాకు మీతో జరుగుతుంది. కోపంతో అనడం లేదు అన్నా, రెండు ఫైళ్లు చేద్దాం. కోలామీ గొంతు నాది.

లిపి_ప్రియుడు:

గోండీ రాయడానికి ఉన్న గుంజాల గోండీ లిపికి 2018లో యూనికోడ్ కూడా వచ్చింది, అంటే కంప్యూటర్లలో వాడే అక్షరాల ప్రమాణంలో చోటు దక్కింది. ఆ లిపిలో పోస్టర్లు వేయమని అడగొచ్చు కదా?

గూడ_మొబైల్స్:

లిపి అన్నా, నాకూ ఆ లిపి అంటే ప్రాణం. కానీ మా అవ్వకు ఏ లిపీ రాదు. పోస్టరు పక్కన నిలబడి చదివి పెట్టేవాడు కావాలి. ముందు మైకే నయం.

సార్, మీరు చెప్పినట్టే చేస్తున్నా. కేస్లాపూర్ నాగోబా జాతర దర్బారులో ఇద్దామా అని కూడా ఇంట్లో అన్నారు. మా వాళ్లకు అదే నమ్మకం.

రిటైర్డ్_ఏపీఆర్వో:

ఆ నమ్మకం ఊరికే రాలేదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక నిజాం సర్కారు మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఇక్కడికి పంపింది. అధికారులే కేస్లాపూర్ వచ్చి అర్జీలు తీసుకునే దర్బారు అప్పట్నుంచి మొదలైందే. అక్కడ ఇస్తే నలుగురి ఎదుట ఇచ్చినట్టుంటుంది, తప్పకుండా ఇవ్వు. కానీ జాతర పుష్య అమావాస్యకు. దోమలు అప్పటిదాకా ఆగవు.

గూడ_మొబైల్స్ (పది రోజుల తర్వాత):

రెండు ఆడియోలూ తయారు. గోండీది ముందు నా గొంతుతోనే చేశాను. అవ్వ విని "ఇది కూడా ఉల్లిగడ్డలోడి లెక్కనే ఉంది" అంది. ఇప్పుడున్నది అవ్వ గొంతే, 52 సెకన్లు. మెడికల్ ఆఫీసరు మేడం ఒక్కటే మార్పు చెప్పారు. "జ్వరం తగ్గినా మందులు మధ్యలో ఆపొద్దు" అనేది చివర్లో కాకుండా ముందే రావాలట, ఆటో ఆగదు కదా అని. టీచరన్న కోలామీలో కూడా అలాగే మార్చాడు. తీర్మానం మీద సర్పంచ్ సంతకం రేపు అవుతుంది. సోమవారం డీఎంహెచ్‌వో ఆఫీసుకు వెళ్తున్నాం. పెన్‌డ్రైవ్‌లు రెండు తెస్తున్నా, ఒకటి పోయినా ఇంకోటి ఉండాలని.