కాజీపేట వైపు కుటుంబంతో వస్తున్నాం: పిల్లల బడిని బట్టి ఏ ఊళ్లో ఉండాలి?

జమ్మికుంట బిడ్డ:

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. మా సొంత ఊరు జమ్మికుంట. 12 ఏళ్లుగా పుణెలో ఉంటున్నాం. కాజీపేట పక్కన అయోధ్యాపురంలో వస్తున్న రైల్వే తయారీ కర్మాగారానికి సంబంధించిన పనుల మీద మా కంపెనీ నన్ను మే నెల నుంచి అక్కడికి పంపుతోంది. కనీసం ఆరేడు సంవత్సరాలు అక్కడే ఉండవలసి వస్తుంది. అమ్మానాన్నలు జమ్మికుంటలోనే ఉన్నారు కాబట్టి, ఇన్నేళ్లకు వాళ్లకు దగ్గరవుతున్నామన్న సంతోషం ఇంట్లో అందరికీ ఉంది. దిగులంతా పిల్లల చదువు గురించే.

పాప సీబీఎస్ఈ బడిలో 8వ తరగతి, బాబు అదే బడిలో 3వ తరగతి పూర్తి చేస్తున్నారు. ఇద్దరూ ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడతారు గానీ చదవడం, రాయడం రాదు; బడిలో హిందీ, మరాఠీ నేర్చుకున్నారు. పాపకు వైద్యవిద్య చదవాలని చిన్నప్పటి నుంచి కోరిక. బాబు నెమ్మదస్తుడు, కొత్త చోట తొందరగా కలవలేడు.

హనుమకొండ నడిమధ్యలో కాకుండా కొంచెం శివారులో, గాలి వెలుతురు ఉన్న ఇల్లు అద్దెకు తీసుకోవాలని మా ఆలోచన. అడిగితే ఒకరు మడికొండ అంటారు, ఒకరు హసన్‌పర్తి అంటారు, మరొకరు మామునూరు వైపు వెళ్లమంటారు. ఏ ఊరి పేరు చెప్పినా దానితో పాటు ఒక బడి పేరు, ఆ బడికి వచ్చిన ర్యాంకుల లెక్క చెప్తున్నారు తప్ప, అక్కడ పిల్లలు ఎట్లా ఉంటారో ఎవరూ చెప్పడం లేదు. పుణెలోని స్నేహితులేమో, నన్ను ఒక్కణ్ణే ముందు వెళ్లి ఏడాది పాటు అన్నీ చూసుకొని, ఆ తర్వాత కుటుంబాన్ని తీసుకెళ్లమని సలహా ఇస్తున్నారు. నా భార్యకు ఇది ఇష్టం లేదు, నాకు కూడా మనసొప్పడం లేదు, కానీ తొందరపడి పిల్లలకు నష్టం చేస్తామేమోనన్న భయం ఉంది. అక్కడ ఉంటున్నవారు దయచేసి మీ అనుభవం చెప్పండి.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, సుబేదారి:

మీ ప్రశ్నలో చివరన అడిగిన దానికే ముందుగా జవాబు చెప్తాను. ఊరు సరిగా కుదరకపోతే ఆరు నెలల్లో ఇల్లు మారవచ్చు. ఈ విద్యా సంవత్సరం దాటిపోతే దాన్ని మళ్లీ తేలేము. ఏడాది ఆగవద్దు, ఈ జూన్‌కే పిల్లలిద్దరినీ తీసుకురండి.

పాప విషయం చూడండి. తెలంగాణలో రాష్ట్ర కోటా కింద వైద్యవిద్యలో చేరడానికి స్థానికత కావాలి. 2024లో వచ్చిన జీవో 33 ప్రకారం, అర్హత పరీక్షకు ముందు వరుసగా 4 సంవత్సరాలు, అంటే 9వ తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు, ఈ రాష్ట్రంలోనే చదివి ఉండాలి. దీని మీద కోర్టుల్లో వాదనలు నడిచాయి. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని సమర్థించింది. మీ అమ్మాయి ఈ జూన్‌లో 9వ తరగతిలో చేరితే ఆ 4 సంవత్సరాలు సరిగ్గా సరిపోతాయి. పుణెలో 9 పూర్తి చేసి వస్తే, తల్లిదండ్రులది జమ్మికుంటే అయినా, ఆ లెక్కలో ఒక సంవత్సరం తక్కువవుతుంది. కొన్ని ఉద్యోగ వర్గాల పిల్లలకు మినహాయింపులు ఉన్నాయి గానీ, ప్రైవేటు కంపెనీ ఉద్యోగిగా మీరు వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. సీబీఎస్ఈ వైపు నుంచి చూసినా ఇదే సరైన సమయం. ఆ బోర్డు 9, 10 తరగతులను ఒక జతగా చూస్తుంది, 9లోనే విద్యార్థి పేరు నమోదు చేస్తుంది, 10వ తరగతిలో నేరుగా బడి మారాలంటే బోర్డు అనుమతి తీసుకోవాలి.

బాబు విషయంలో కూడా ఇటువంటిదే ఒకటి ఉంది, దీన్ని చాలామంది తల్లిదండ్రులు పిల్లలు డిగ్రీకి వచ్చాక గాని తెలుసుకోరు. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్థానికతను 1 నుంచి 7వ తరగతి వరకు చదివిన చోటును బట్టి చూస్తారు. అందులో 4 సంవత్సరాలు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లా. మీ బాబుకు మిగిలినవి 4, 5, 6, 7 తరగతులే. ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. మన ఊరు చూడటానికి ఒకటే నగరం, కాగితం మీద రెండు జిల్లాలు. కాజీపేట, మడికొండ, ధర్మసాగర్, హసన్‌పర్తి హనుమకొండ జిల్లాలో ఉన్నాయి. మామునూరు వైపు, గీసుగొండ వైపు వరంగల్ జిల్లా. హైదరాబాదు రోడ్డు మీద కొంచెం ముందుకు పోయి స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉంటే అది జనగామ జిల్లా. ఏ జిల్లా అయినా తప్పులేదు, అన్నీ మనవే. కానీ బాబు 7వ తరగతి దాటే దాకా ఒకే జిల్లాలో ఉండేలా బడి చూసుకోండి, ప్రతి సంవత్సరం బోనఫైడ్ పత్రం అడిగి తీసుకొని ఒక ఫైలులో భద్రపరచండి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, పదేళ్ల కిందటి బోనఫైడ్ కోసం తిరిగే యువకులను ఎంతమందిని చూశానో చెప్పలేను. కొందరి బడులు అప్పటికి మూతపడి ఉండేవి.

తెలుగు గురించి బెంగ వద్దు గానీ, తేలికగా కూడా తీసుకోవద్దు. 2018 చట్టం ప్రకారం ఇక్కడ ఏ బోర్డు బడిలోనైనా 1 నుంచి 10వ తరగతి వరకు తెలుగు తప్పనిసరి. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చే పిల్లల ఇబ్బంది చూసి, సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ వంటి బోర్డుల బడుల్లో 9వ తరగతికి 2025–26 నుంచి, 10వ తరగతికి 2026–27 నుంచి ‘వెన్నెల’ అనే సులభ తెలుగు వాచకాన్ని ప్రభుత్వం నిర్ణయించింది. మాట వచ్చిన పిల్లకు అక్షరం రావడం కష్టమైన పని కాదు. ఏప్రిల్, మే నెలల్లో రోజూ ఒక గంట నానమ్మ దగ్గర కూర్చోబెట్టి వర్ణమాల, గుణింతాలు, ఒత్తులు రాయించండి. జూన్ నాటికి మీ అమ్మాయి కూడబలుక్కొని అయినా చదువుతుంది. బడిలో చేర్చే ముందు మాత్రం ఇట్లాంటి పిల్లలకు తెలుగు విడిగా చెప్పే ఉపాధ్యాయులు ఉన్నారా అని ప్రిన్సిపాల్‌ను కాదు, తెలుగు సారును లేదా టీచరును కలిసి అడగండి.

మడికొండ అమ్మ:

సారు చెప్పినవన్నీ చదివాక నేను నా వైపు నుంచి ఊరి గురించి చెప్తాను. మేము మడికొండలో 9 ఏళ్లుగా ఉంటున్నాం. అయోధ్యాపురం, కాజీపేట, కడిపికొండ, మడికొండ అన్నీ రైల్వే బ్రిడ్జికి ఇవతలే ఉన్నాయి. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, ఫాతిమానగర్ దగ్గర ఆ బ్రిడ్జి మీద ఉదయం 8 నుంచి 9 గంటల వరకు బస్సులు, ఆటోలు, లారీలు బారులు తీరి ఉంటాయి. హనుమకొండలోని పెద్ద బడులకు వెళ్లే పిల్లలు రోజూ దాన్ని రెండుసార్లు దాటాలి. మా పెద్దమ్మాయిని ర్యాంకులు చూసి అటువైపు ఒక బడిలో వేశాం. ఉదయం 6.50కి బస్సు ఎక్కేది. దూరం చూస్తే ఎక్కువేమీ కాదు, కానీ బస్సు ఊళ్లన్నీ తిరిగి పోతుంది కాబట్టి గంటకు పైగా పట్టేది. సాయంత్రం వచ్చి అన్నం ముందు కూర్చొని నిద్రపోయేది. రెండేళ్లు అట్లా గడిపాక, ఇంటికి దగ్గరలో ఉన్న చిన్న బడికి మార్చాం. మార్కులు తగ్గలేదు, పిల్ల మొహంలో కళ వచ్చింది. నెమ్మదస్తుడైన మీ బాబును మాత్రం గంటసేపు బస్సులో తిప్పకండి అన్నా, నా మాట నమ్మండి.

కేంద్రీయ విద్యాలయం కడిపికొండలోనే ఉంది. అయితే అక్కడ ప్రవేశాల్లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు మొదటి ప్రాధాన్యం, మనలాంటి వారికి చివరి వరస. 9వ తరగతికి ఖాళీలు ఉంటేనే ప్రవేశ పరీక్ష పెట్టి తీసుకుంటారు. దరఖాస్తు పెట్టడంలో నష్టం లేదు, దాని మీదే ఆధారపడి ఇల్లు తీసుకోవద్దు. ఫాతిమానగర్‌లో సెయింట్ గాబ్రియెల్ వంటి పాత బడులు ఉన్నాయి. మీ ఇల్లు బ్రిడ్జికి అవతల ఉంటే వాటిని కూడా చూడవచ్చు.

ఒక బాధ చెప్పుకోవాలి. మా మరిది కూతురిని కొత్తగా పెట్టిన ఒక బడిలో, బోర్డు మీద సీబీఎస్ఈ అని పెద్ద అక్షరాలు చూసి చేర్చారు. గుర్తింపు త్వరలోనే వస్తుందని ప్రతి సంవత్సరం చెప్పారు. 9వ తరగతికి వచ్చేసరికి పిల్ల పేరును ఎక్కడో వేరే బడి నుంచి నమోదు చేస్తామన్నారు. అప్పుడు ఇంట్లో అందరం ఏడ్చినంత పని అయింది. మీ పాపది 9వ తరగతే కాబట్టి గుర్తింపు సంఖ్య అడిగి, ఏ తరగతి వరకు, ఏ సంవత్సరం దాకా గుర్తింపు ఉందో బోర్డు వెబ్‌సైట్‌లో మీరే స్వయంగా చూడండి. ప్రతి బడికి ప్రభుత్వ లెక్కల్లో 11 అంకెల యూడైస్ కోడ్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాంతో పిల్లలెంతమంది, ఉపాధ్యాయులెంతమంది అన్నది కూడా తెలుస్తుంది. కరపత్రంలో రాసిన దానికి, అందులో ఉన్న దానికి తేడా కనిపిస్తే ఆ బడి మెట్లు ఎక్కవద్దు.

హసన్‌పర్తి నివాసి:

మడికొండ అక్కయ్య గారి మాటను గౌరవిస్తూనే, కొంచెం భిన్నంగా చెప్పదలచుకున్నాను. మీ నాన్నగారు, అమ్మగారు జమ్మికుంటలో ఉన్నారన్నారు. హసన్‌పర్తి రోడ్డు స్టేషన్ కాజీపేట–బల్లార్షా మార్గంలోనే ఉంది, జమ్మికుంట కూడా అదే మార్గంలో ఉంది. భీమారం నుంచి హసన్‌పర్తి దాకా కరీంనగర్ రోడ్డు వెంట బడులు దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఇటువైపు ఉంటే మీరు రోజూ నగరం మొత్తం దాటి అయోధ్యాపురం వెళ్లవలసి వస్తుంది, అది నిజంగా శ్రమే. కానీ ఆ శ్రమ పెద్దవాళ్లం మనం పడతాం, పిల్లలు పడరు. పాపకు 11వ తరగతికి వచ్చేసరికి సైన్సు కాలేజీ కావాలి. హనుమకొండ జూనియర్ కాలేజీలకు మడికొండ నుంచి వెళ్లాలంటే మళ్లీ ఆ బ్రిడ్జి దాటాలి, ఇటువైపు నుంచి ఆ ఇబ్బంది లేదు.

ఎటువైపు తీసుకున్నా ఇంటి విషయంలో ఒకటి మరచిపోకండి. 2020 ఆగస్టులో, 2023 జూలైలో పడ్డ వానలకు ఇక్కడ ఎన్ని కాలనీలు మునిగాయో నేను చూశాను. బొందివాగు పొంగితే హంటర్ రోడ్డు వైపు, నయీంనగర్ నాలా పొంగితే హనుమకొండ వైపు పల్లపు వీధుల్లోకి నీళ్లు వస్తాయి. మేము అప్పట్లో హంటర్ రోడ్డు పక్క కాలనీలో అద్దెకు ఉండేవాళ్లం. పిల్లల పుస్తకాలు, సర్టిఫికెట్లు తడిసిపోయాయి. మేలో ఇల్లు చూసేటప్పుడు అంతా పొడిగా, అందంగానే కనబడుతుంది. ఇంటి యజమానిని కాదు, పక్కింటివారిని, వీధి చివర కిరాణా దుకాణం ఆయనను అడగండి, ఆ సంవత్సరం నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, సుబేదారి:

ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. నేనైతే ఇప్పటికి బాబును చూసి ఊరు ఎంచుకోమంటాను. పాపకు కాలేజీ వచ్చే నాటికి ఇల్లు మార్చుకోవచ్చు, అప్పటికి బాబు 6వ తరగతిలో ఉంటాడు, జిల్లా మారకపోతే చాలు. బడిని సెలవుల్లో చూడకండి. ఏప్రిల్‌లో ఒక మామూలు పనిదినం, సాయంత్రం బడి వదిలే వేళకు గేటు ముందు నిలబడండి. పిల్లలు మాట్లాడుకుంటూ బయటికి వస్తున్నారా, తల వంచుకొని వస్తున్నారా చూడండి. 6వ తరగతి నుంచే ఐఐటీ, నీట్ పేరుతో ఆటల పీరియడ్ తీసేసిన చోట మీ బాబును వేయవద్దు. లెక్కల ఉపాధ్యాయుడు ఆ బడిలో ఎన్నేళ్లుగా ఉన్నారని అడగండి. ఏటా మారిపోతున్నారంటే అక్కడ ఏదో సరిగా లేదని అర్థం.

జమ్మికుంట బిడ్డ:

సారు గారికి, అక్కయ్య గారికి, హసన్‌పర్తి అన్నగారికి ఎన్ని నమస్కారాలు చెప్పినా తక్కువే. స్థానికత సంగతి మాకు అసలు తెలియదు. రాత్రి మీ జవాబులు నా భార్య పైకి చదువుతుంటే పాప పక్కనే కూర్చొని విన్నది, తనే వెళ్లి అమ్మమ్మ పంపిన పాత పలక వెతికి తెచ్చుకుంది. ఏడాది ఆగాలన్న ఆలోచన మానుకున్నాం. ఈ జూన్‌కే అందరం వస్తున్నాం. వచ్చే నెల మొదటి సోమవారం ఇద్దరం వచ్చి, ముందు మడికొండ, కడిపికొండ, ఆ మర్నాడు హసన్‌పర్తి చూస్తాం. ఉదయం ఎనిమిదింటికి ఫాతిమానగర్ బ్రిడ్జి కూడా దాటి చూస్తాం. మడికొండలో చెరువు వైపు కాకుండా ఎత్తులో రెండు పడకగదుల ఇల్లు ఎవరికైనా తెలిస్తే, అక్కయ్య గారూ, దయచేసి ఇక్కడే ఒక మాట రాయండి.

మడికొండ అమ్మ:

మా వీధిలోనే మెట్టుగుట్టకు వెళ్లే దారి వైపు ఒక పై అంతస్తు మే నెలలో ఖాళీ అవుతుందని విన్నాను. ఇంటివారిని రేపు అడిగి రాస్తాను. సోమవారం వచ్చినప్పుడు మా ఇంట్లో భోజనం చేసి వెళ్లండి, బాబును కూడా తీసుకురండి. మా చిన్నవాడిది కూడా 3వ తరగతే.