ఆది సంఘం పెళ్లిని నిజంగా తక్కువగా చూసిందా?

గుంటూరు సిస్టర్:
అందరికీ వందనాలు. నాకు పెళ్లయి ఏడాది కావొస్తోంది. మొన్న ఉపవాస కూటాలకు వచ్చిన ప్రసంగీకుడు, నిగ్రహం లేనివాళ్ల కోసమే దేవుడు పెళ్లిని ఒప్పుకున్నాడనీ, ఆది సంఘంలో భక్తులంతా శరీరాన్ని అసహ్యించుకున్నారనీ గట్టిగా చెప్పారు. నా పక్కనే మా అత్తయ్య, ముందు వరసలో పెళ్లి కుదిరిన అమ్మాయి. అప్పటినుంచి మా ఆయన దగ్గరికొచ్చినా ఏదో తప్పు చేస్తున్నట్టు టెన్షన్. పాస్టరమ్మ గారిని అడగడానికి నోరు రావడం లేదు. అప్పట్లో అందరూ అలాగే బోధించారా?

సండే స్కూల్ టీచర్:
సిస్టర్, హెబ్రీ 13:4 చదవండి. పానుపు నిష్కల్మషంగా ఉండాలన్నది భార్యాభర్తల గురించే. పెళ్లి చేసుకోవద్దనే బోధను 1 తిమోతి 4:3 తప్పుపట్టింది.

సంఘ చరిత్ర విద్యార్థి:
అందరూ అలా బోధించలేదండి. రెండో శతాబ్దంలో తతియాను అనే బోధకుడి పేరుతో ముడిపడిన ఎన్క్రటైట్లనే గుంపువాళ్లు పెళ్లినీ, మాంసాన్నీ, ద్రాక్షారసాన్నీ మానేయాలన్నారు. సంఘం వాళ్లను తప్పుబోధకులనే అంది. ఆనాటి సంఘ బోధకుడు అలెగ్జాండ్రియా క్లెమెంటు అలాంటివాళ్లకు జవాబిస్తూ పేతురు, ఫిలిప్పులకు పిల్లలున్నారని గుర్తుచేశాడు. పేతురు భార్యను చంపడానికి తీసుకెళ్తుంటే ఆయన ఆమెను పేరు పెట్టి పిలిచి, ప్రభువును తలచుకోమన్నాడని కూడా రాశాడు. నాకు చాలా ఇష్టమైన చోటు అది. కాకపోతే దాంపత్యం పిల్లల కోసమే అన్న పట్టు క్లెమెంటుకూ ఉంది.

మీకు కావలసింది గంగ్రా సభ. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో జరిగింది. సెబాస్తే ఊరి బిషప్పు యూస్తాతియు అనుచరులు పెళ్లయినవాళ్లకు రక్షణ లేదని చెబుతూ కాపురాలు విడదీస్తున్నారని బిషప్పులు కూడారు. మొదటి నియమమే ఇది: భర్తతో కాపురం చేస్తూ విశ్వాసంగా, భక్తిగా ఉన్న స్త్రీని రాజ్యంలోకి రానట్టు ఏవగించుకునేవాడు శాపగ్రస్తుడు. పెళ్లయిన పెద్ద చేతిమీదుగా ప్రభు రాత్రి భోజనం తీసుకోననేవాళ్లకూ, పెళ్లయినవాళ్లను చులకన చేసే కన్యలకూ అదే శిక్ష. ఆ ప్రసంగీకుడు ఈ నియమం చదవాల్సింది!

పాత పుస్తకాల బ్రదర్:
బైబిలును లాటినులోకి తెచ్చిన జెరోమును వదిలేస్తే ఎలా? పెళ్లయినవాళ్లూ కన్యలూ బాప్తిస్మంలో సమానమేనన్న సన్యాసి జోవినియనును రోములోనూ, తర్వాత మిలానులోనూ తప్పుబోధకుడన్నారు. 393లో జెరోము అతనికి జవాబు రాస్తూ విత్తువాని ఉపమానంలోని ఫలాల లెక్కన కన్యకు నూరంతలు, విధవకు అరవై, పెళ్లయినవాళ్లకు ముప్పై అన్నాడు. ఆ మాటల ఘాటుకు స్నేహితుడు పమ్మాకియే రోములో ప్రతులు వెనక్కి తెప్పించబోయాడు. మీ ప్రసంగీకుడి మాటలు ఈ వైపు నుంచి వచ్చి ఉంటాయి.

సంఘ చరిత్ర విద్యార్థి:
నిజమే బ్రదర్, బ్రహ్మచర్యమే మేలన్నవాళ్లదే అప్పట్లో పైచేయి. కానీ అది మేలనడం వేరు, పెళ్లిని ఏవగించుకోవడం వేరు. ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీను కూడా సుమారు 401లో పెళ్లి మంచిదేనంటూ ఒక పుస్తకం రాశాడు: పిల్లలు, ఒకరికొకరు నమ్మకంగా ఉండటం, విడదీయరాని బంధం. కోరిక దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆయనకు అనుమానమే. ఏళ్ల తరబడి తనతో ఉండి, కొడుకును కన్న ఆవిడను పంపేసినప్పుడు గుండె తెగి రక్తం కారిందని రాసుకున్నాడు, ఆవిడ పేరు మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఆయన చెప్పిన మూడిట్లో నమ్మకం పిల్లలతో సమానంగా నిలబడటమే నాకు ముఖ్యం.

గుంటూరు సిస్టర్:
చాలా థాంక్స్ అన్నయ్యా. గంగ్రా మొదటి నియమం కాగితం మీద రాసుకున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మ గారికి చూపిస్తాను. ఆ పెళ్లి కుదిరిన అమ్మాయిని కూడా రమ్మన్నాను.