అభ్యంగన గదుల అమరికపై సలహా కోరుతున్నాను

నమస్కారం. రాజమహేంద్రవరంలో మొదటి అంతస్తులో ఉన్న 1,100 చదరపు అడుగుల స్థలంలో మహిళల కోసం అభ్యంగనం, శిరోధార (నుదుటిపై నూనెను ధారగా పోయడం) చేసే చిన్న కేంద్రాన్ని ప్రారంభించబోతున్నాను.

గతంలో నేను పనిచేసిన చోట స్నానాల గది వరండా చివర ఉండేది. తలనిండా నూనెతో, ఒంటికి తువ్వాలు చుట్టుకుని, బయట కూర్చున్నవారి ముందు నుంచి ఒక పెద్దావిడ తల వంచుకుని నడిచి వెళ్లడం నేను నేటికీ మరచిపోలేదు. అందుకే ప్రతి గదికీ దానిని ఆనుకునే స్నానాల గది ఉండాలని నిశ్చయించుకున్నాను. దీనివల్ల మూడు గదులకు బదులు రెండే వస్తాయి, అయినా ఫరవాలేదు.

నన్ను ఎక్కువగా వేధిస్తున్నది శబ్దం. ప్లైవుడ్ అడ్డుగోడ ఫాల్స్ సీలింగ్ దగ్గరే ఆగిపోతే, ఆ పైనున్న ఖాళీ గుండా పక్క గది మాటలన్నీ వినిపిస్తాయి కనుక, నాలుగున్నర అంగుళాల ఇటుక గోడను శ్లాబు దాకా లేపాలనుకున్నాను. కింద దూలం లేని చోట అంత బరువు తగదని మేస్త్రీ గారు వారిస్తున్నారు. జిప్సం బోర్డుల మధ్య శబ్దాన్ని పీల్చుకునే రాతి నార, అంటే రాక్‌వూల్ నింపి శ్లాబు వరకు కట్టిన గోడ మాటలను ఆపగలదా? నూనె ఆవిరికి, స్నానాల గది తేమకు అది నిలుస్తుందా?

అలాగే, తలుపు తెరిచినప్పుడు ఆ రెక్కే అభ్యంగనం చేసే బల్లకు చాటుగా నిలిచేలా బందులు బిగించడం మేలా, లేక లోపల తెర కూడా అవసరమా? ఇటువంటి గదులు కట్టించినవారు దయచేసి తెలియజేయగలరు.